అక్కకు పంపిన ఇంగ్లీషు పాఠాలు



పోయిన నెల ఈ గోడపత్రికకి నేను అంచు చుట్టూ పువ్వులు వేశాను, అంతే. ఈసారి వ్యాసం రాయమన్నారు. ఇంగ్లీషు పరీక్షకు ఎలా చదవాలో రాస్తానంటే మా గదిలో వాళ్ళు నవ్వారు. నవ్వడం న్యాయమే. ఎనిమిదో తరగతి సగం సంవత్సరం పరీక్షలో నాకు ఇంగ్లీషులో నూటికి 22 వచ్చాయి. ఈ ఏడు అదే పరీక్షలో 61 వచ్చాయి. మధ్యలో ఏం జరిగిందో రాస్తున్నాను. ఇంగ్లీషు మాటల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తాను, ఆరో తరగతి చెల్లెళ్ళు కూడా చదవాలి గదా. స్పెల్లింగులు మీ పుస్తకాల్లో చూసుకోండి.

మా అక్క పదో తరగతిలో అన్నీ పాసయ్యింది. ఇంగ్లీషు ఒక్కటి పోయింది. 35 రావాలి, 29 వచ్చాయి. సప్లిమెంటరీకి ఫీజు కట్టే రోజుల్లో మా అయ్యకి జ్వరం, కట్టలేదు. తర్వాత రెండేళ్ళు ఇంటి దగ్గరే ఉండిపోయింది. పద్దెనిమిది నిండాక ఊళ్ళో వాళ్ళతో కలిసి కొల్లేరు పక్క రొయ్యల షెడ్డులో పనికి వెళ్ళింది. పొద్దున్నుంచి నిలబడి రొయ్యల తలలు తీయాలి. ఐసులో పెట్టి పెట్టి అక్క వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడిపోయాయి.

వేసవి సెలవుల్లో అయ్యతో కలిసి అక్కను చూడ్డానికి వెళ్ళాను. జంగారెడ్డిగూడెంలో బస్సెక్కి ఏలూరు, ఏలూరులో మారి కైకలూరు రోడ్డు. ఆ రోడ్డు కొల్లేరు మధ్యలోంచే వెళ్తుంది. రెండు పక్కలా నీళ్ళు, చేపల చెరువుల గట్లు, వాటి మీద కొంగలు. మన అడవి పక్క పిల్లలకి అంత చదునుగా, చెట్లు లేకుండా ఉండే చోటు చూస్తే భయమేస్తుంది, ఎటు దాక్కోవాలో తెలీదు. అక్క మమ్మల్ని గది బయట కూర్చోబెట్టి టీ తెచ్చింది. అయ్య అటు వెళ్ళగానే మెల్లగా అడిగింది, “చెల్లీ, మళ్ళీ ఫీజు కడితే నువ్వు నాకు ఇంగ్లీషు చెప్తావా?” అని. నాకు 22 వచ్చిన సంగతి అక్కకి తెలీదు. నేను చెప్పలేదు. సరే చెప్తానన్నాను.

అదీ అసలు సంగతి. చదువుకోడానికి కాదు, చెప్పడానికి చదివాను. పదిహేను రోజులకి ఒక ఉత్తరం. ఆదివారం మేడమ్ ఫోను ఇచ్చినప్పుడు పది నిమిషాలు. ఉత్తరంలో ఒక్కటే పాఠం. నాకు అర్థం కాని పాఠం అక్కకి రాయలేను గదా, అంచేత ముందు సార్ దగ్గరికి వెళ్ళి అడగాల్సి వచ్చింది. అంతకుముందు నేను సార్‌ని ఒక్క ప్రశ్న కూడా అడిగిన పాపాన పోలేదు.

ముందుగా ఒక మాట. చాలామంది ఇంగ్లీషు మనకి రెండో భాష అంటారు. మనలో సగం మందికి అది నాలుగోది. ఇంట్లో కోయ. బళ్ళో తెలుగు. తర్వాత హిందీ. ఆ పైన ఇంగ్లీషు. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు టీచర్ గారు ‘ఏరు’ అని రాసి బొమ్మ వేశారు. మా ఇంట్లో ఏరు అంటే నీళ్ళు. బొమ్మలో బిందె గాని గ్లాసు గాని లేదు, కొండల మధ్య గీతలున్నాయి. తెలుగులో ఏరంటే వాగు లాంటిదని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. అట్లాగే కోయలో ‘లోను’ అంటే ఇల్లు. మా తాత బ్యాంకుకి వెళ్తే “హౌసింగ్ లోను కావాలా?” అన్నారంట. ఇల్లు ఎట్లాగూ ఉందని చెప్పి వచ్చేశాడు. ఇప్పటికీ మా ఊళ్ళో ఈ మాట చెప్పుకుని నవ్వుతారు. నేను చెప్పేదేమిటంటే, ఒక భాష నుంచి ఇంకో భాషకి మారడం మనకి కొత్త కాదు. ఆరేళ్ళప్పుడే ఒకసారి మారాం.

ఈ కష్టాన్ని అవతలి నుంచి చూసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు. 1863లో పుట్టారు, 1940లో పోయారు. ఆయన పర్లాకిమిడిలో టీచరు. అక్కడి సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని, పెద్దయ్యాక తను సవర నేర్చుకున్నారు. ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. పోయినసారి నేను దండ వేశాను గాని ఆయన సవర సంగతి అప్పుడు నాకు తెలీదు. టీచరే పిల్లల భాష నేర్చుకోవడానికి కూర్చున్నాడంటే నాకు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు పరీక్ష. పదో తరగతి ఇంగ్లీషు పేపరు 100 మార్కులు, మూడు గంటల పదిహేను నిమిషాలు. అందులో మొదటి పదిహేను నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోడానికి. చదివి అర్థం చేసుకునేది 30, వ్యాకరణం మాటలు కలిపి 40, సొంతంగా రాసేది 30. అక్కకి ఎందులో పోయిందని అడిగితే అన్నిట్లో కొంచెం కొంచెం అంది. నాది కూడా అంతే.

మొదటి ఉత్తరంలో వాక్యం గురించి రాశాను. తెలుగులోనూ కోయలోనూ పని చెప్పే మాట చివర్న వస్తుంది. “అక్క రొయ్యలు ఒలుస్తుంది.” ఇంగ్లీషులో అది మధ్యలోకి దూరుతుంది. “మై సిస్టర్ పీల్స్ ప్రాన్స్.” అక్క, ఒలుస్తుంది, రొయ్యలు. ఇంకోటి, మనం ‘చెరువులో’ అంటాం, ‘లో’ వెనక అంటుకుంటుంది. వాళ్ళు ‘ఇన్ ది పాండ్’ అంటారు, ‘లో’ ముందొస్తుంది. ఇది చదివితే ఎవరికైనా తెలుస్తుంది, రాసేటప్పుడు మాత్రం మర్చిపోతాం. అందుకని మా గదిలో ఒక వారం ఆట ఆడాం. తెలుగునే ఇంగ్లీషు లాగా తిరగేసి మాట్లాడాలి. “నేను తింటాను ఇడ్లీ.” “చెప్పులు ఉన్నాయి కింద మంచం.” “నువ్వు తీశావు నా దువ్వెన నుంచి పెట్టె!” వంట చేసే అత్త మాకు పిచ్చి పట్టిందనుకుంది. కాని ఆ వారం తర్వాత పరీక్షలో కలగాపులగంగా ఇచ్చే మాటల్ని వరసలో పెట్టే ప్రశ్న నాకు తప్పలేదు.

తర్వాత ‘ఎస్’ గొడవ. ‘ఐ గో’, ‘యు గో’, ‘దే గో’. కాని హి, షి, ఇట్ వచ్చినప్పుడు ‘గోస్’. సరే, తోక ఒకటి పెట్టాలి. ప్రశ్న వేసేటప్పుడు, కాదు అనేటప్పుడు మాత్రం ఆ తోక ఏమవుతుందో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. “డజ్ షి గోస్” అని రాసేదాన్ని. సార్ ఎర్ర గీత గీసేవారు. నేనూ మళ్ళీ అదే రాసేదాన్ని. అక్కకి చెప్పాల్సి వచ్చి కూర్చుని ఆలోచిస్తే ఇట్లా తోచింది: నీళ్ళ బిందె ఒక్కటే ఉంది, ఇద్దరు మోయరు. ‘డు’ వచ్చి ఆ ఎస్‌ని ఎత్తుకుని ‘డజ్’ అయ్యింది. ఇక ‘గో’ చేతులు ఖాళీ. “డజ్ షి గో.” జరిగిపోయిన దానికీ ఇంతే. ‘వెంట్’లో జరిగిపోయిన కాలం బరువుంది. ‘డిడ్’ వచ్చి ఆ బరువు తీసుకుంటే మళ్ళీ ‘గో’ మామూలే. “డిడ్ షి గో,” “షి డిడ్ నాట్ గో.” ‘డిడ్ వెంట్’ అంటే ఒక బిందెని ఇద్దరు నెత్తిన పెట్టుకోవడం. ఇది నా సొంత సూత్రం, పుస్తకంలో లేదు. సార్‌కి చూపిస్తే బాగుందన్నారు, క్లాసులో కూడా చెప్పారు.

హి, షి, ఇట్ దగ్గర మనం ఎందుకు తడబడతామో కూడా అప్పుడే తెలిసింది. “అక్క వచ్చింది,” “బస్సు వచ్చింది.” తెలుగులో రెండింటికీ ఒకటే. కోయలోనూ మగవాళ్ళకి ఒక రకం, మిగతా అందరికీ అన్నిటికీ ఇంకో రకం. ఇంగ్లీషులో ఆడవాళ్ళకి వేరేగా ‘షి’ ఉంది. మా అక్క అమ్మ గురించి వ్యాసం రాసి పంపింది, అంతా “ఇట్ వర్క్స్, ఇట్ కుక్స్” అని ఉంది. అమ్మని మిషను చేసేసింది. అయితే ఇంగ్లీషులో లేనిది మన దగ్గర ఉంది. ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. వాళ్ళకి రెండూ ‘వి’నే. “వి ఆర్ గోయింగ్” అని ఎవరన్నా అంటే మనల్ని రమ్మంటున్నారో లేదో తెలీదు. పాపం.

ఎ, ఎన్, ది గురించి ఎక్కువ రాయను. అక్షరం చూడొద్దు, చెవితో వినండి. ‘అవర్’ స్పెల్లింగు హెచ్‌తో మొదలైనా పలికేది ‘అ’, కాబట్టి ‘ఎన్ అవర్’. ‘యూనివర్సిటీ’ స్పెల్లింగు యుతో మొదలైనా పలికేది ‘య’, కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. ‘ఎన్ ఎమ్మెల్యే’. అంతే. ‘ది’ ఎప్పుడు పెట్టాలో నాకూ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ముందే చెప్పిన దాని గురించి మళ్ళీ చెప్పేటప్పుడు పెడితే చాలాసార్లు కరెక్టవుతుంది.

పాసివ్ వాయిస్ మాత్రం నేను పుస్తకంలో నేర్చుకోలేదు, తాడేపల్లిగూడెం స్టేషన్‌లో నేర్చుకున్నాను. నవంబరులో క్విజ్ పోటీకి మా ఆరుగురిని తాడేపల్లిగూడెం తీసుకెళ్ళారు గదా. మాకు బహుమతి రాలేదు, అది వేరే విషయం. బస్సులోంచి నిట్ గేటు చూపించారు. 2015లో పెట్టిన కాలేజీ అది, దేశం నలుమూలల నుంచి వచ్చి చదువుతారంట. అంత పెద్ద బోర్డు మీద మాటలన్నీ నేను చదవగలిగాను, అదే నా బహుమతి అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు, మాలో నలుగురు ఎప్పుడూ రైలెక్కలేదని సార్ ఏలూరు దాకా రైల్లో తీసుకెళ్తామన్నారు. రైలు లేటు. మైకులో తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఒకదాని తర్వాత ఒకటి చెప్తూనే ఉన్నారు. చివర్న ప్రతిసారీ ఒకే మాట, “ది ఇన్‌కన్వీనియెన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్.” అసౌకర్యానికి చింతిస్తున్నాము అని దాని తెలుగు. గంటన్నర విన్నాం, నోటికొచ్చేసింది. సార్ అడిగారు, “ఇందులో చింతించేది ఎవరు?” అని. మేం వెతికాం. ఎవరూ లేరు! తెలుగులో ‘చింతిస్తున్నాము’లో ‘మేము’ ఉంది. ఇంగ్లీషులో మనిషే లేడు. “ఇదే పాసివ్ వాయిస్,” అన్నారు సార్. చేసినవాడి పేరు అక్కర్లేనప్పుడు, తెలియనప్పుడు, లేదా చెప్పడం ఇష్టం లేనప్పుడు వాడతారంట.

అప్పుడు నాకు మా ఊరి కాగితం గుర్తొచ్చింది. భూముల విషయంలో ఒకసారి స్తంభానికి నోటీసు అంటించారు. ‘ఇందుమూలముగా తెలియజేయడమైనది’ అని ఉంది. మా తాత అడిగాడు, “ఎవరు తెలియజేశారు?” అని. చదివి వినిపించిన ఆయన, “ఎవరూ కాదు తాతా, తెలియజేయడమైనది,” అన్నాడు. తాత కోపంగా వెళ్ళిపోయాడు. ఆ తెలుగు కూడా పాసివ్ లాంటిదే అని నాకు ప్లాట్‌ఫారం మీద తట్టింది. ఇక పరీక్షలో మార్చమన్నప్పుడు భయం లేదు. ఎవరి మీద పని జరిగిందో వాళ్ళని ముందుకి తెండి. ‘ఈజ్’ గాని ‘వాజ్’ గాని, కాలాన్ని బట్టి పెట్టండి. క్రియ మూడో రూపం రాయండి. చేసినవాడు కావాలంటే చివర ‘బై’ పెట్టి రాయండి. “అక్క పీల్డ్ ది ప్రాన్స్.” “ది ప్రాన్స్ వర్ పీల్డ్ బై అక్క.” షెడ్డులో పెట్టెల మీద రాసేటప్పుడు ‘బై అక్క’ ఉండదు, ‘పీల్డ్’ అని మాత్రమే ఉంటుంది.

రైల్లో చేబ్రోలు, పూళ్ళ, భీమడోలు, దెందులూరు, పవర్‌పేట, ఏలూరు వరసగా వచ్చాయి. ప్రతి బోర్డు మీద మూడు లిపులు. మేం ముందు ఇంగ్లీషు చదివి, తర్వాత తెలుగు చూసి సరిచూసుకున్నాం. స్పెల్లింగుకి ఇంతకన్నా మంచి పరీక్ష నేను చూడలేదు. బ్రిటిషువాళ్ళు ఏలూరుని ఎల్లోర్ అనీ, విజయవాడని బెజవాడ అనీ రాసేవారని సార్ చెప్పారు. వాళ్ళు మన పేర్లు తప్పుగా రాసేవారు, మనం వాళ్ళ మాటలు తప్పుగా రాస్తాం. అయినా వాళ్ళకి మార్కులు తగ్గించినవాళ్ళు లేరు.

రిపోర్టెడ్ స్పీచ్ గురించి కొంచెం నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే అక్కకీ నాకూ ఎక్కువ మార్కులు పోయింది ఇక్కడే. ఫోనులో అక్క ఇట్లా అంటుంది: “నేను రేపు ఫీజు కడతాను.” నేను గదిలోకి వచ్చి మా వాళ్ళకి చెప్తాను: “అక్క రేపు ఫీజు కడతానంది.” చూశారా, ‘కడతాను’లో అక్క ‘నేను’ అట్లాగే ఉండిపోయింది. నా నోట్లోంచి వచ్చినా ఆ ‘నేను’ నేను కాదు. తెలుగు వాళ్ళెవరూ పొరబడరు. ఇంగ్లీషు అట్లా ఒప్పుకోదు. మాట ఇప్పుడు ఎవరు చెప్తున్నారో వాళ్ళు నిలబడ్డ చోటు నుంచే అంతా చూడాలి. నేను చెప్తున్నాను కాబట్టి అక్క ‘ఐ’ కాదు, ‘షి’. ఆ మాట అయిపోయింది కాబట్టి ‘విల్’ కాదు, ‘వుడ్’. రేపు దాటిపోయింది కాబట్టి ‘టుమారో’ కాదు, ‘ది నెక్స్ట్ డే’. అక్క ‘ఇక్కడ’ అంటే నాకు ‘అక్కడ’, ‘హియర్’ పోయి ‘దేర్’. “షి సెడ్ దట్ షి వుడ్ పే ది ఫీ ది నెక్స్ట్ డే.” గట్టు మీద నిలబడి పడవలో వాళ్ళ గురించి చెప్పినట్టు అనుకోండి. పడవలో వాళ్ళకి కుడి, మనకి ఎడమ కావచ్చు.

ప్రశ్న అయితే ఇంకొకటి. “నువ్వు అన్నం తిన్నావా?” అని అక్క అడిగింది. “షి ఆస్క్డ్ మి ఇఫ్ ఐ హ్యాడ్ ఈటెన్.” ఇక్కడ ప్రశ్న గుర్తు పెట్టకూడదు. ‘డిడ్’ కూడా ఉండదు. ప్రశ్న అక్కది, నాది కాదు. నేను దాని కబురు చెప్తున్నానంతే. ప్రతి ఆదివారం ఫోను పెట్టేసిన వెంటనే అక్క అన్న మాటల్లో ఐదు ఇట్లా మార్చి నోటుబుక్కులో రాస్తాను. ఇప్పటికి నాలుగు నెలలయ్యింది. వెనక్కి తిప్పి చదివితే అది వ్యాకరణం పుస్తకంలా ఉండదు. అక్కకి జలుబు చేసిన రోజు, కరెంటు పోయిన రోజు, మా అయ్యకి డబ్బు పంపిన రోజు అన్నీ ‘షి సెడ్ దట్’ అని వరసగా ఉంటాయి.

ఇక మాటలు. రోజుకి ఇరవై మాటలు బట్టీ పట్టమని ఎవరో చెప్తే నేను ఒక నెల పట్టాను. మూడో రోజుకి మొదటి రోజువి పోయేవి. అక్క దగ్గర వేరేగా జరిగింది. “నాకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు చెల్లీ” అంటే, షెడ్డులో రోజంతా వినే మాటలు, పెట్టెల మీద ఉండేవి ఒక కాగితం మీద రాయమన్నాను. 64 వచ్చాయి! పాండ్, ఫీడ్, ఏరేటర్, హార్వెస్ట్, కౌంట్, గ్రేడ్, బ్యాచ్ నంబర్, నెట్ వెయిట్, ఎక్స్‌పైరీ డేట్, కీప్ ఫ్రోజెన్, హెడ్‌లెస్, పీల్డ్, డివెయిన్డ్. కౌంటు 30 అంటే కిలోకి 30 రొయ్యలని, కౌంటు పెరిగితే రొయ్య చిన్నదని అక్కే నాకు చెప్పింది.

ఈ కాగితమే మా ఇద్దరికీ మూడు ఉత్తరాలకి సరిపోయింది. ‘హెడ్‌లెస్’ అంటే తల లేనిది. ఆ ‘లెస్’ వేరే మాటలకి తగిలించి చూడండి. హోమ్‌లెస్, కేర్‌లెస్, యూజ్‌లెస్, ఫియర్‌లెస్. ఇల్లు లేని, శ్రద్ధ లేని, ఉపయోగం లేని, భయం లేని. ఒక రొయ్య తల పోయి నాలుగు మాటలు వచ్చాయి. ‘ఫ్రోజెన్’ అంటే గడ్డకట్టించినది, ఫ్రీజ్, ఫ్రోజ్, ఫ్రోజెన్ అని మూడు రూపాలు. ఆ వరసలోనే స్పీక్, స్పోక్, స్పోకెన్. బ్రేక్, బ్రోక్, బ్రోకెన్. ‘వెయిన్’ అంటే నరం, వెన్ను మీద నల్లగా ఉండేదాన్ని అట్లా అంటారు. ముందు ‘డి’ పెడితే తీసేసినట్టు. అక్కకి ఇవి మర్చిపోదామన్నా మర్చిపోయే వీల్లేదు, చేతిలో రోజూ ఉంటాయి. మనకీ హాస్టల్లో అట్లాంటివి ఉన్నాయి. బియ్యం బస్తా మీద, సబ్బు కాగితం మీద, మాత్రల అట్ట మీద, బోరు మోటారు మీద చూడండి. ఆరోగ్యం బాగాలేనప్పుడు ఇచ్చే మాత్రల వెనక “స్టోర్ ఇన్ ఎ కూల్, డ్రై ప్లేస్” అని ఉంది. అందులో రెండు విశేషణాలు, ఒక ప్రిపొజిషను, ఒక ఆర్టికిలు ఉన్నాయి.

తెలియని మాటకి నిఘంటువు తీయండి. మన లైబ్రరీలో బ్రౌన్ నిఘంటువు అట్ట ఊడిపోయి ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆయన మచిలీపట్నంలో, రాజమండ్రిలో ఉద్యోగం చేశారు, అంటే మన రెండు పక్కలా. పండితుల్ని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు నేర్చుకున్నారు. ఆయనకి మన భాష ఎంత కష్టమై ఉంటుందో! పరీక్షకి మాత్రం చిన్న ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ చాలు. అందులో మాట పక్కన అది నౌనా వెర్బా అని కూడా ఉంటుంది, అది చూడకుండా మూసేయకండి. ‘హార్వెస్ట్’ రెండూ అవుతుంది.

చదివి అర్థం చేసుకునే ప్రశ్నలకి నేను చేసిన పెద్ద తప్పు ఏమిటంటే, ఒక్క మాట తెలియకపోతే అక్కడే ఆగిపోవడం. సార్ ఒక పేరా రాసిచ్చారు. తెలుగులో చెప్తాను: ‘ప్రతి చలికాలంలో మైగ్రేటరీ పక్షులు దూరదేశాల నుంచి కొల్లేరుకి వస్తాయి. ఎండలు ముదిరే ముందు తిరిగి వెళ్ళిపోతాయి. పెలికాన్‌లు మాత్రం ఆటపాక దగ్గర గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి.’ ‘మైగ్రేటరీ’ నాకు తెలీదు. కాని వస్తాయి, దూరం నుంచి, తిరిగి వెళ్తాయి అని చుట్టూ చెప్పేశారు. వలస పక్షులన్నమాట. పెలికాన్ అంటే గూడబాతు అని ఆటపాక వెళ్ళొచ్చిన అమ్మాయి చెప్పింది. పక్కన ‘మాత్రం’ ఉంది కాబట్టి అవి మిగతా వాటిలాంటివి కావని తెలుస్తోంది. ఇంగ్లీషులో ఈ ‘బట్’, ‘హౌఎవర్’, ‘ఆల్దో’ లాంటి చిన్న మాటల దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. జవాబు చాలాసార్లు దాని వెనకే దాక్కుంటుంది.

నేనైతే ముందు ప్రశ్నలు చదువుతాను, తర్వాత పేరా, మళ్ళీ ప్రశ్నలు. ‘వై’ అంటే కారణం వెతుకుతాను, ‘వెన్’ అంటే అంకెలూ నెలలూ. పేరాలో వాక్యం మొత్తం ఎత్తి రాయను, అడిగిన దానికే రాస్తాను. ఇంకో సంగతి. 2020లో మన రాష్ట్రంలో ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు ఉండే పుస్తకాలు మొదలయ్యాయి. మా తరగతి వాళ్ళం చిన్నప్పుడు అవే చదివాం. నా కన్ను ఎప్పుడూ కుడి పక్కకే పోయేది. అట్లాంటి పాత సైన్సు పుస్తకం ఒకటి స్టోరు రూంలో దొరికింది. ఇప్పుడు తెలుగు పేజీ మీద అట్ట పెట్టి ఇంగ్లీషు చదివి, అర్థమైంది తెలుగులో చెప్పి, అప్పుడు అట్ట తీసి చూస్తాను. చిన్న తరగతి పుస్తకమని సిగ్గుపడలేదు. ఆ పుస్తకం నా పెట్టెలో ఉంది, కావలసినవాళ్ళు అడగండి.

సొంతంగా రాసే 30 మార్కుల దగ్గర గైడు బట్టీ పట్టకండి. నేను ఎనిమిదిలో హైదరాబాద్ యాత్ర గురించి స్నేహితురాలికి ఉత్తరం బట్టీ పట్టాను. ప్రశ్నలో ఊరి జాతర గురించి రాయమన్నారు. నేను హైదరాబాదే రాశాను, జాతరకి చార్మినార్ తెచ్చాను. సున్నా. అసలు నేను హైదరాబాద్ వెళ్ళనే లేదు. ఇప్పుడు నాకు తెలిసినదే చిన్న చిన్న వాక్యాల్లో రాస్తాను. చిన్న వాక్యంలో తప్పు దాక్కోలేదు.

సంక్రాంతికి ముందు అక్కకి నేనే ఒక ప్రశ్నపత్రం తయారుచేసి పంపాను. రాత్రి షిఫ్టు అయ్యాక మూడు గంటలు కూర్చుని రాసిందంట. జవాబులు దిద్ది 38 వేశాను. సంతోషం పట్టలేక సార్‌కి చూపించాను. సార్ మళ్ళీ దిద్దారు. నేను చూడకుండా వదిలేసిన తప్పులు నాలుగున్నాయి. 34 వచ్చాయి.

ఒక్క మార్కు. అక్కకి అదే చెప్పాను, దాచలేదు. ఈసారి నాకు 22 వచ్చిన సంగతి కూడా చెప్పేశాను. అక్క చాలాసేపు నవ్వింది. తర్వాత, రిపోర్టెడ్ స్పీచ్ మళ్ళీ రాసి పంపమంది.

పరీక్ష మార్చిలో. ఇంకో నాలుగు ఉత్తరాలు పడతాయి. ఫీజు కట్టేసింది, రసీదు అయ్య దగ్గర ఉంది. ఈ నెల అయ్యాక ఈ కాగితాలు గోడ మీంచి దించినప్పుడు చింపేయకుండా నాకివ్వమని మేడమ్ గారిని అడిగాను, ఇస్తానన్నారు. అక్క షెడ్డులో ఇంకో ఇద్దరు కూడా పరీక్ష కట్టారంట, వాళ్ళకి పంపాలి. తప్పులేమైనా ఉంటే పక్కన పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో వద్దు.